కారుకి సొరనూనె

కుళాయి ఇంకా దగ్గుతూనే ఉంది. ఆరింటికి రావలసిన నీళ్ళు ఆరూ పదయినా రాలేదు. గొట్టంలోంచి గాలి తన్నుకొచ్చి ఖళ్ళుమనడం, దాని వెనక చెంచాడు తుప్పునీళ్ళు కక్కడం, మళ్ళీ గమ్మున ఊరుకోవడం. రోజూ టంచనుగా వచ్చే నీళ్ళు ఇవాళే ఇలా చెయ్యాలా, సరిగ్గా ఇవాళే! వీరవేణి నైటీ అంచు ఎత్తి బొడ్లో దోపుకుని, షాంపూ బకెట్టు ఒకటీ ఉత్త బకెట్టు ఒకటీ కుళాయి ముందు పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. బోరు నీళ్ళకి లోటు లేదు, మీట నొక్కితే బోలెడు. కానీ ఈ మెట్టకూరు బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు, ఒంటి మీద పోసుకుంటే జిడ్డు, కారు మీద పోస్తే ఇంక చెప్పనే అక్కర్లేదు. కాస్త ఎండ తగిలేసరికి ముదురు నీలం రంగు నిండా తెల్లటి చుక్కలు లేస్తాయి, ఆటలమ్మ పోసిన పిల్ల ఒంటి మీద లేచినట్టు. "తెలుపు తీసుకోండి సిస్టర్ గారూ, మన నీళ్ళకి తెలుపే నయం" అని షోరూం వాళ్ళ దగ్గర్నుంచి హాస్పిటల్లో ఆయమ్మ దాకా అందరూ చెప్పారు. విన్నదా? వినలేదు. నీలమే కావాలంది. ఐదేళ్ళుగా ఆ నీలం చేతిలో శిక్ష అనుభవిస్తోంది. మంచినీళ్ళొచ్చే ఈ ఒక్క గంటలోనే వంటింటి డ్రమ్ము నిండాలి, ఈ గంటలోనే కారుకి స్నానం అవ్వాలి, ఈ గంటలోనే తనూ మనిషిలా తయారవ్వాలి.

ఏడింటికి అన్నయ్య వస్తాడు. వస్తానన్నాడు. వస్తానన్నాడంటే వస్తాడని అర్థం కాదు, ఆ సంగతి ఈ భూమ్మీద అందరికంటే వీరవేణికే బాగా తెలుసు. చిన్నారావుకి ఎడమకన్ను ఎప్పుడో పోయింది, వల లాగుతుంటే తాడు తెగి కొట్టింది. మిగిలిన కుడికంటిలో శుక్లం ముదిరిపోయి, మొన్నామధ్య ఫరంపేట రేవులో తన బోటనుకుని పక్కవాడి బోటెక్కి ఇంజను తిప్పబోయాడట. కాకినాడలో కంటి డాక్టరు దగ్గర వీరవేణి ఆపరేషన్‌కి రెండుసార్లు డేటు తీసుకుంది. రెండుసార్లూ ఎగ్గొట్టాడు, ఒకసారి వేట బాగుందని, ఒకసారి వేట బాగాలేదని. ఇంకో నెల ఆగితే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని నేను హామీ ఇవ్వలేనమ్మా అన్నాడు డాక్టరు. ఒకటే కన్ను! సొంత చెల్లెలు నర్సమ్మ అయ్యుండి, ఊళ్ళో వాళ్ళ కళ్ళన్నిటికీ చుక్కలు వేస్తూ, అన్న కన్ను పోతుంటే చూస్తూ కూర్చుందని రేపు లోకం అనదా? లోకం సంగతి గంగలో కలవనీ, తను తట్టుకోగలదా? అందుకే ఇవాళ సెలవు పెట్టింది. తనే కారులో తీసుకెళ్ళి, తనే దగ్గరుండి, కంటికి కట్టుతో దుమ్ము తగలకుండా తనే తీసుకురావాలి. "బస్సుంది కదమ్మాయ్, నేను బస్సులో వచ్చేత్తాలే" అన్నాడు మహానుభావుడు. బస్సెక్కితే ఏ తాళ్ళరేవులోనో దిగిపోయి, అక్కడ రొయ్యల చెరువుల దగ్గర ఎవరితోనో పొద్దుగూకేదాకా కబుర్లాడి ఇంటికొచ్చేస్తాడు. కాబట్టి కారే ఎక్కాలి. ఎక్కుతాడా? వీరవేణి కారులో చిన్నారావు కూర్చుని ఐదేళ్ళయింది. నిన్న సాయంత్రం వదిన రమణమ్మ ఫోన్లో, "కారులోనే వత్తానన్నాడమ్మా. కాకపోతే..." అని నసిగింది. కాకపోతే ఏమిటి వదినా అంటే, "ఏం లేదులే. దాని కారు శుభ్రంగా ఉంటాది అంటన్నాడు" అంది. ఆ ముక్క రాత్రంతా చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

శుభ్రంగా ఉంటుందట! కారుని ఈ గతి పట్టించిందే ఆయన, మళ్ళీ శుభ్రం మాట ఆయన నోటే! ఆదివారం నుంచీ ఈ షెడ్డులోకి వస్తే ముక్కు మూసుకోవలసి వస్తోంది. నాలుగు పిల్లులు కారు కిందే కాపరం పెట్టాయి. అందులో ఒకటి ఎదురింటి జోసెఫినమ్మది, పాలూ బ్రెడ్డూ తప్ప ముట్టదని పేరు, అది కూడా చక్రం దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని కారు అడుగు కేసి భక్తిగా చూస్తోంది. అంతా తన నోటి దూల. మెకానిక్కు కారు పైకెత్తి చూపించి, "సముద్రపు గాలికి అడుగంతా తుప్పు పడతంది మేడమ్" అన్నాడని వదినతో ఊరికే అంది. వదిన అన్నయ్యతో ఊరికే అంది. అన్నయ్య ఊరుకున్నాడా? ఆదివారం తను డ్యూటీలో ఉన్నప్పుడు సొరనూనె డబ్బా పట్టుకుని వచ్చేశాడు. నాన్న కాలపు కొయ్య నావకి పూసే మందు అది, సొరచేప నూనెలో తారు కలిపి మరగబెట్టింది. ఇప్పుడు అన్నీ ఫైబర్ బోట్లే, ఆ మందుతో ఎవరికీ పని లేదు. పని లేకపోయినా అన్నయ్య అటక మీద డబ్బా ఉంది. ఉప్పునీళ్ళలో ఇరవై ఏళ్ళు తేలిన నావని కాపాడిన నూనె, ఉప్పుగాలిలో తిరిగే కారుని కాపాడలేదా! అదీ ఆయన లెక్క. గోనెసంచి పరుచుకుని కారు కిందకి దూరి, కనపడని కన్నుతో తడుముకుంటూ, మూలమూలకీ బ్రష్షుతో పట్టించి, తను వచ్చేలోగా వెళ్ళిపోయాడు. కారు కిందకి దూరాడు గానీ కారులోకి మాత్రం ఎక్కలేదు.

"వేణీ, రెండు బకెట్ల పద్ధతి మర్చిపోకు. ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి" అన్నాడు వరండాలోంచి మొగుడు వెంకటేశ్వరరావు. కాఫీ గ్లాసు ఒక చేత, ఫోను ఒక చేత. ఫోన్లో ఎవడో కారుని అద్దంలా తోమేస్తున్నాడు, దాన్ని చూసి ఈయన తోమినంత తృప్తి పడుతున్నాడు. కారు కొన్న కొత్తలో ఆన్‌లైన్లో తెప్పించిన సరంజామా అంతా షెడ్డు అలమరాలో ఉంది, మైనం పాలిష్, టైర్లకి నల్లరంగు, మురికి లాగే బంకమట్టి ముద్ద, ఆరు మెత్తటి గుడ్డలు. ఆ ఆరింటిలో నాలుగు ఈయన కళ్ళజోడు తుడుచుకోవడానికే అరిగిపోయాయి. ఆదివారం బావగారు వస్తే కనీసం, వద్దు బావా, ఇది కారు, నావ కాదు అని ఒక్క మాట అనొచ్చు కదా? అనలేదు సరికదా, కారు ముందు చక్రాలు ఇటుకల మీదకి ఎక్కించి ఇచ్చింది ఈయనే. అదేమిటండీ అంటే, "ఆయన అంత ప్రేమగా వస్తే ఎలా వద్దంటాను?" అన్నాడు. ప్రేమట! ప్రేమగా వచ్చినవాళ్ళని ఒక గంట కూర్చోబెట్టి కాఫీ ఇవ్వడం చేతకాదు గానీ. ఏమండీ, ఆ ఫోను పక్కన పెట్టి మోటారు దగ్గరికి వెళ్ళి నీళ్ళు వస్తున్నాయేమో చూడొచ్చుగా అని నోటిదాకా వచ్చింది, అంతలో కుళాయి బళ్ళున విరుచుకుపడి బకెట్టు ఎగిరి పక్కకి దొర్లింది.

అమ్మయ్య, మంచినీళ్ళు. పైనుంచి మొదలుపెట్టాలి, ఎప్పుడూ పైనుంచే. టాపు, అద్దాలు, బోనెట్టు, తలుపులు, చిట్టచివర చక్రాలు. దీనికి యూట్యూబులో చదువు అక్కర్లేదు, మంచం మీద ఉన్న పేషెంటుకి ఒళ్ళు తుడిచే పద్ధతే, మొహం ముందు, పాదాలు ఆఖరు, పాదాలు తుడిచిన గుడ్డ మళ్ళీ మొహం దగ్గరికి రాకూడదు. ఇరవై ఏళ్ళుగా చేతులకి అలవాటైపోయిన పని. నురగ జారుతుంటే దాని కింద నీలం నిగనిగలాడుతూ బయటికొచ్చింది, కళ్ళు చల్లబడ్డాయి, ఆ క్షణం మటుకు ఎవరి మీదా కోపం లేదు. చిన్నప్పుడు నావ కడగడం కూడా ఇలాగే ఉండేది. పోటు తీసిన వేళ నావని ఇసకలోకి లాగి ఒక పక్కకి ఒరిగించేవారు. నాన్న బీడీ కాల్చుకుంటూ ఇలాగే, ఈయనలాగే, దూరంగా కూర్చుని చెప్పేవాడు, పని అంతా అన్నయ్యదీ తనదీ. తనకి ఎనిమిదేళ్ళు, అన్నయ్యకి పదిహేను. అడుగున గుల్లలు పట్టేసి ఉండేవి, గీరుతుంటే అంచులు బ్లేడుల్లా కోసేవి. "నువ్వు పైన కడుగు, అడుగు నేను చూసుకుంటాను" అనేవాడు అన్నయ్య. ఒక్కసారి కూడా తనని అడుగుకి చెయ్యి పెట్టనివ్వలేదు. పైన నీళ్ళు కొట్టి గంతులేసింది తను, కింద పడుకుని మోచేతులు కోయించుకుంది వాడు, ఇంటికెళ్ళాక అమ్మ దగ్గర ఇద్దరం కడిగాం అని చెప్పేది తనే. పదో తరగతి అయ్యాక నర్సింగుకి పుదుచ్చేరి వెళ్ళనివ్వమని నాన్నతో దెబ్బలాడింది కూడా వాడే. ఇదంతా ఇప్పుడెందుకు? చెయ్యి ఆగిపోయింది, టాపు మీద నురగ ఎండిపోతోంది, దేవుడా, ఎండితే మరకలు. ఆరూ ఇరవై ఐదు.

"ఏమ్మా సిస్టరూ, కారుకి తలంటా?" గేటవతల జోసెఫినమ్మ, నెత్తిన ముసుగు, చేతిలో జపమాల, చర్చికి వెళుతూ ఆగింది. ఆగి ముక్కు ఎగబీల్చింది. "ఎక్కడో ఏదో కుళ్ళినట్టుందమ్మా, కాలవలో ఏమన్నా పడి చచ్చిందేమో చూసుకో."

"కాలవ కాదండీ, కారే."

"కారు కుళ్ళుద్దా?"

"మా అన్నయ్య మందేశాడండీ. తుప్పు పట్టకుండా."

జోసెఫినమ్మ ఒక్క క్షణం కారు కేసి చూసి, పిల్లి కేసి చూసి, "అయితే మంచిదేలే, అన్నయ్య వేశాడంటే" అనేసి వెళ్ళిపోయింది. వీరవేణికి ఒళ్ళు మండింది. ఈ ఊళ్ళో అందరికీ అన్నయ్య మంచివాడే. వాసన తనకి, చాకిరీ తనకి, మంచిపేరు ఆయనకి! సరే, అంత మంచివాడు ఐదేళ్ళుగా చెల్లెలి కారు ఎందుకెక్కడో ఆ సంగతి ఎవరన్నా అడిగారా? తన కూతురు సాయిదివ్య ఓణీల ఫంక్షనుకి కళ్యాణమండపానికి వెనకాల ఆటోలో వచ్చాడు, ముందు కారు ఖాళీగా వెళుతుంటే. సొంత మేనకోడలి ఫంక్షను! నాన్న సంవత్సరీకానికి వానలో తడుస్తూ సైకిలు మీద వచ్చాడు. తను ఎదురెళ్ళి కారాపి ఎక్కు అంటే, "దగ్గరేగా, ఎల్లిపోతాలే" అని నవ్వాడు. ఆ నవ్వు ఉంది చూశారూ, తిట్టినా ఇంత బాధ ఉండదు.

ఎడమవైపు ముందు తలుపు తెరిచింది. లోపల సంగతీ చూడాలి కదా. కాళ్ళ దగ్గర పట్టాలు దులిపింది, ఏసీ కంతల్లో దుమ్ము పాత పళ్ళ బ్రష్షుతో లాగింది, డాష్‌బోర్డు తుడిచింది, సీటు మీద మిగిలిన పల్లీ పొట్టు ఏరింది. ఈ సీటే. ఇక్కడే. కారు ఇంటికొచ్చిన మూడో రోజు, మే నెల, పదకొండు గంటల ఎండ. డ్యూటీ దిగి వస్తూ కావాలనే గోదారి గట్టు మీదుగా వచ్చింది, అన్నయ్యకి కనపడాలని. కనపడ్డాడు. అప్పుడే వేట నుంచి దిగాడు, లుంగీ తడిసి మోకాళ్ళకి అతుక్కుని ఉంది, భుజాల మీద పొలుసులు మెరుస్తున్నాయి. కారు చూసి ఆ ఒంటికన్ను ఎంత వెలిగిందో! ఎక్కు అన్నయ్యా, ఇంటి దగ్గర దింపుతాను అంది. నేనా, ఇలాగా అన్నాడు. పర్లేదు ఎక్కు అంది. అంటూనే, ఒక్క నిమిషం అని డిక్కీలోంచి పాత తువ్వాలు తీసి, ఈ సీటు మీద రెండు మడతలు వేసి పరిచి, అంచులు లోపలికి దోపింది. మంచం పాడుచేసే పేషెంటు కింద రబ్బరు షీటు వేసి అంచులు దోపినట్టు. చేతులకి అలవాటు, అంతే, చేతులు చేసేశాయి. వాడు ఎక్కాడు. మోకాళ్ళ మీద అరచేతులు బోర్లించి, దేనికీ తగలకుండా కూర్చున్నాడు. ఏసీ ఆడుతూనే ఉంది. ఆడుతూనే ఉండగా తను నాలుగు అద్దాలూ దించింది. మే నెల ఎండలో! ఫర్లాంగు దూరం పోయాక బజారు మలుపులో, "ఇక్కడాపమ్మాయ్, పురికొస కొనాలి" అని దిగిపోయాడు. దిగి, ఆ తువ్వాలు తీసి బయట దులిపి, నాలుగు మడతలు పెట్టి సీటు మీద పెట్టి, తలుపు మెల్లిగా వేశాడు. అద్దంలో చూస్తే పురికొస కొట్టు దాటి నడిచి వెళ్ళిపోతున్నాడు.

కొత్త కారండీ! మూడు రోజుల కారు! ఎవరైనా ఏం చేస్తారు? పాలిథిన్ కవర్లు కూడా తియ్యలేదు సీట్లకి, ఆయన తడిలుంగీతో కూర్చుంటే రేపు ఆ వాసన... తువ్వాలు వేస్తే తప్పా? ఐదేళ్ళుగా ఈ వాదన నడుస్తోంది, ప్రతిసారీ తనే గెలుస్తుంది, గెలిచిన కొద్దీ ఒళ్ళు మండుతుంది. అంత రోషం ఉన్నవాడు ఒక్క మాట అనేస్తే పోయేదిగా! ఏమే, నా చెమట కూడు తిని చదివి నాకే గుడ్డ పరుస్తావా అని నలుగురిలో దులిపేసినా బాగుండేది, ఏడ్చి కాళ్ళ మీద పడి ఆ పూటతో తెంపేసుకునేది. అనడు. నవ్వుతాడు. పండక్కి పండుగప్ప పంపిస్తాడు, శుభ్రం చేసి, ముక్కలు కోసి, వాసన రాకుండా మూడు కవర్లు చుట్టి మరీ పంపిస్తాడు. తనేమో పోయి, తప్పయింది అన్నయ్యా అని ఒక్క మాట అనలేదు. ఇవాళ కాకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి. ఏమని చెప్పాలి, తువ్వాలు పరిచినందుకా, అద్దాలు దించినందుకా? ఇన్నేళ్ళయ్యాక ఆ మాట ఎత్తితే ఆయనకి గుర్తే లేదంటాడు. గుర్తు లేదని చెప్పి నవ్వుతాడు.

తలుపు వేసి వెనక్కి జరిగితే, దాని మీదే, పిడికి కింద, చెయ్యి ముద్ర. నల్లగా, అచ్చుగుద్దినట్టు. ఆదివారం కారు కిందనుంచి లేస్తూ ఊతానికి పట్టుకున్నాడన్నమాట. చూపుడువేలు సగమే పడింది, ఆ వేలు సగమే ఉంది మరి, ఇంజను బెల్టులో పోయింది. షాంపూకి లొంగలేదు. వెనిగర్ నీళ్ళకి లొంగలేదు. "గట్టిగా రుద్దకు, పెయింటు పోతుంది!" అని వరండాలోంచి కేక. రుద్దడం లేదండీ, కావాలంటే మీరే వచ్చి రుద్దండి అనేసింది, దూది తెచ్చి కొబ్బరినూనెలో ముంచింది. ప్లాస్టరు పీకాక చర్మం మీద మిగిలే బంక ఇలాగే తీస్తారు, నూనె అద్ది, ఆగి, మెల్లిగా, పేషెంటు అబ్బా అనకుండా. బొటనవేలు పోయింది. చిటికెనవేలు పోయింది. ఒక్కో వేలూ తుడుస్తుంటే తనకే తెలియకుండా చెయ్యి నెమ్మదించింది. సగంవేలు దగ్గరికి వచ్చేసరికి ముక్కు చీదుకోవలసి వచ్చింది, ఈ దిక్కుమాలిన నూనె ఘాటు ఒకటి. అదీ తుడిచేసింది. ఎడమవైపు మళ్ళీ నురగ పట్టించింది. కుళాయి తిప్పింది. ఖళ్ళుమంది.

అయిపోయింది! ఆరూ యాభైకే కట్టేశారు. ఆలస్యంగా ఇచ్చినవాళ్ళు ఆ పదినిమిషాలు ఎక్కువ ఇవ్వాలా వద్దా? ఎవరినడగాలి? ఎడమవైపంతా నురగ, ముందు అద్దం సగం నురగ, తూర్పున ఎండ గోడ దాటి దిగుతోంది. వంటింటి డ్రమ్ములో నీళ్ళు ముట్టుకుంటే ఇవాళ వంట లేదు. గత్యంతరం లేక బోరు మీట నొక్కి, రెండు బకెట్లు ఉప్పునీళ్ళు కొట్టింది. కొట్టింది అంటే పరుగు మొదలైందన్నమాట, ఎండ తగిలేలోగా పొడిగుడ్డతో చుక్క లేకుండా తుడవాలి, లేకపోతే గంట చాకిరీ గోదాట్లో పోసినట్టే. పొడిగుడ్డ ఏది? మెత్తటి గుడ్డలు రెండూ ముద్ద. పాత నైటీ ముద్ద. ఈయన బనియన్లు రెండు, దిండు గలీబులు రెండు, అన్నీ ముద్దే. "ఏమండీ! ఏదన్నా పొడిగుడ్డ పట్రండి, త్వరగా!" అని అరిస్తే, ఆయన లేచి లోపలికి వెళ్ళి, రెండు నిమిషాల తరవాత చేతిరుమాలు తీసుకొచ్చాడు. చేతిరుమాలు! కారు తుడవడానికి! "బీరువా తాళాలు కనపళ్ళేదు" అన్నాడు. వీరవేణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడూ ఐదు. గేటు ముందు ఆటో ఒకటి వచ్చింది, గుండె ఆగింది, ఆటో ఆగకుండా వెళ్ళిపోయింది. చేతులు తుడుచుకుని వదినకి ఫోను చేసింది. "ఆరున్నరకే బయల్దేరిపోయాడమ్మా, రాలేదా?" అంది రమణమ్మ. ఫరంపేట నుంచి ఎంతసేపు? ఆరున్నరకి బయల్దేరినవాడు ఈపాటికి రావాలి కదా. బస్సు. బస్సెక్కేశాడు. ఎక్కి ఉంటాడు, లేదంటే అదీ ఎక్కకుండా రేవుకే పోయుంటాడు. ఒక్క కన్ను, ఆ ఒక్కటీ అన్నయ్య రోషానికి బలి, తన తువ్వాలికి బలి. తడిచేతుల్లో ఫోను పట్టుకుని, ఆ ఉప్పుచుక్కల కారు ముందు, వీరవేణి నిజంగానే ఏడవబోయింది.

"టైమైపోయిందేంటమ్మాయ్?" అన్నాడు చిన్నారావు గేటు తీస్తూ. నడిచి వచ్చాడు. ఒక చెయ్యి గోడ మీద వేసి తడుముకుంటూ, అంత దూరం, కాలవ గట్టు మీదుగా నడిచి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, ప్యాంటు. ఆయన ప్యాంటు వేసుకోవడం సాయిదివ్య ఫంక్షనులో చూడడమే. రెండుసార్లు తలంటుకున్నట్టున్నాడు, సబ్బు వాసన, మెడ చుట్టూ పౌడరు తెల్లగా కొట్టుకుని ఉంది. పెళ్ళికొడుకులా ఉన్నావు బావా అన్నాడు వెంకటేశ్వరరావు. చిన్నారావు సిగ్గుపడి, కారు దగ్గరికి వచ్చి, గాలి పీల్చి, మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నా మందు వాసనే ఇది. మూసుకున్న షెడ్డు కదా, ఇంకా పోలేదు. నాలుగు రోజుల్లో పోద్దిలే అమ్మాయ్." అని, చంకలో ఉన్న ప్లాస్టిక్ కవర్లోంచి ఒకటి బయటికి తీశాడు. మడత విప్పని కొత్త టర్కీ తువ్వాలు. ముందు తలుపు తీసి, వంగి, సగంచూపుతో సీటు అంచు తడిమి, దాన్ని రెండు మడతలు వేసి పరచబోయాడు.

గంట నుంచీ ఉడుకుతున్న కోపమంతా వీరవేణికి ఒక్కసారిగా పైకొచ్చింది, నీళ్ళ మీద కోపం, మొగుడి మీద కోపం, ఐదేళ్ళ కోపం. ఒక్క అంగలో వెళ్ళి ఆ తువ్వాలు చేతిలోంచి లాక్కుంది. లాక్కుని ముందు అద్దం మీద వేసి బరబరా తుడిచింది. బోనెట్టు తుడిచింది, ఎడమ తలుపులు రెండూ తుడిచింది, తలుపుల కింద అంచున నల్లగా కారుతున్న సొరనూనె తుడిచింది. కొత్త తువ్వాలు, నీళ్ళు ఎంత బాగా పీల్చిందో.

"అయ్యో, అదేంటే! కొత్తదది, మీ వదిన నిన్నే కొంది" అన్నాడు చిన్నారావు.

"తెలుస్తోంది."

"సీటు మీద వేద్దారని..."

"తెలుసు." తువ్వాలు రెండు చేతులా పిండింది, నల్లటి నీళ్ళు కారాయి. "తడిసిపోయింది అన్నయ్యా. ఇంక పరవడానికి ఏమీ లేదు. కూర్చో."

చిన్నారావు తలుపు మీద చెయ్యి ఆన్చాడు, ఇందాక వీరవేణి ముద్ర తుడిచిన చోటే. కూర్చున్నాడు, ముందు అంచు మీద, తరవాత వీరవేణి నైటీ మీదే చున్నీ కప్పుకుని చెప్పులేసుకుని వచ్చి బండి స్టార్టు చేసేసరికి, కాస్త వెనక్కి. "చీర కట్టుకోవా వేణీ, డాక్టరు దగ్గరికి!" అని వరండాలోంచి వినపడింది. బ్యాగులో ఉందండీ, అక్కడ మార్చుకుంటాను అని గేటు దాటించింది. ఇప్పుడు లోపలికి వెళితే అన్నయ్య దిగిపోతాడేమోనని భయం, ఆ మాట ఎవరితో అంటుంది? కారు కదిలితే అడుగునున్న నూనె వేడెక్కి వాసన గుప్పుమని లోపలికి కొట్టింది. సబ్బూ పౌడరూ దాని ముందు ఎక్కడ ఆగుతాయి, కారంతా అదే. చిన్నారావు ఒకసారి చెల్లెలి మొహం కేసి తిరిగాడు, తరవాత తలుపు మీద మీట కోసం సగంవేలితో తడిమాడు.

"అద్దం దించుతానమ్మాయ్, వాసనొత్తంది" అన్నాడు.

"ఏసీ వేశాను, దించకు" అంది వీరవేణి.